విందు సూచిక

నారెమ్మ ఇంటి ముందు హైమవతి నిలబడి అప్పటికి గంట దాటింది. వసారాలో మంచం ఉంది, గోడకు చాప ఆనించి ఉంది, కానీ కూర్చోమన్న మాట ఎవరి నోటా రాలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఎండలో నిలబడితే ఎవరికైనా అయ్యో అనిపించాలి. ఈ కాలపు జనానికి మర్యాద బొత్తిగా తెలియకుండా పోయిందని ఆమె లోపల్లోపల విసుక్కుంది. ఏ ఊళ్లో చూసినా ఇదే తంతు కనుక ఆ విసుగు కూడా పాతబడిపోయింది.

వీధి చివర స్తంభం మీద అర్హతాదర్శిని నిదానంగా తల తిప్పుతోంది. ఊరివాళ్లు దాన్ని కన్ను అంటారు. ఏ ఊరు సాయం కోరినా ఆ కన్ను వచ్చి తొంభై రోజులు కాపురముంటుంది. గిన్నెల్లో ఏముందో, పిల్లల బరువెంతో, కప్పు ఎక్కడ కారుతోందో చూసి, ఇవ్వాలో వద్దో తేలుస్తుంది. చివరి రోజున ఒక మనిషి వచ్చి సాక్షి సంతకం పెట్టాలి. ఆ ఒక్క పనికే మనుషులు మిగిలారు. హైమవతి ఇవాళ ఉలవలదొడ్డికి వచ్చింది ఆ పని మీదే.

కన్నుకు చదువు చెప్పింది మాత్రం మనుషులే. ఒకప్పుడు డెబ్బై దేశాల దాతృసంస్థల్లో నిధులు మంజూరు చేసే ఉద్యోగులంతా కలిసి విశ్వదాతృ వేదిక అని ఒకటి పెట్టుకున్నారు. ఏటా ఒక నగరంలో కలుసుకుని, ఎవరికి ఇచ్చాం, ఎవరికి లేదన్నాం, ఎందుకన్నాం అని చెప్పుకునేవారు. పాతికేళ్ల కిందట వేదిక మూతపడ్డప్పుడు, సభ్యులు ఊరూరా తిరిగి రాసిన క్షేత్రపత్రాలన్నీ దర్శినికి వారసత్వంగా అప్పగించారు. అందులో హైమవతి రాసినవీ బోలెడున్నాయి. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం ఆమెకు ఇష్టం.

"సంతకం ఎప్పుడు పెడతారమ్మా?" నారెమ్మ గడప లోపలి నుంచే అడిగింది. ఊళ్లో కాన్పులు చేసేది ఆమే. ఒక కాన్పుల గది కావాలని పదకొండేళ్లుగా అడుగుతోంది. పెద్దకూతురు నెప్పులు పడుతూ ఆస్పత్రికి పోయే దారిలో, బండిలోనే ప్రాణం విడిచింది. ఇప్పుడు కోడలు సుగంధికి ఎనిమిదో నెల. ఆ పిల్ల అత్త వెనకాలే నిలబడి ఉంది.

"రెండింటికి పెడతాను. ఈలోగా పాత పత్రాలు చూడాలి."

"చూడండి. ఈసారన్నా లేదనొద్దండి."

హైమవతి అరచేతిలోని సాక్షిపలకను మేలుకొలిపింది. అడిగినదానికి గొంతుతో బదులిచ్చే పలక అది.

"ఈ ఊరికి ఇదివరకు ఎందుకు లేదన్నారు?"

"ఏడుసార్లు నిరాకరణ. ఏడుసార్లూ కారణం ఒక్కటే. విందు సూచిక అధికం. ఈసారి సూచిక సున్నా, అందుకే మంజూరుకు అర్హత వచ్చింది."

విందు సూచిక అన్న మాట పుట్టించింది హైమవతే.

ముప్పయ్యేళ్ల వయసులో ఆమె ఒక కొండపల్లెకు వెళ్లింది. బావి కోసం అర్జీ పెట్టుకున్న ఊరది. ఒక ముసలామె ఉన్న ఒక్క కోడినీ కోసి, సంగటి వండి, దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. హైమవతి సుష్టుగా తింది. తిరిగొచ్చి రాసింది: అతిథులకు కోడికూర పెట్టగలిగిన వారి అవసరాన్ని అనుమానించాలి, దీన్ని విందు సూచిక అనవచ్చు. నిజంగా అలా అనుకుని కాదు. ఆఫీసులో తనను మెత్తని మనిషని ఆటపట్టించేవారు, ఆ పేరు పోగొట్టుకోవాలని రాసింది. ఆ ఏడు నైరోబీ సమావేశంలో చదివితే చప్పట్లు మోగాయి. మరుసటేడు అది వేదిక శిక్షణ పుస్తకంలోకి ఎక్కింది. ఆ పల్లెకు బావి మాత్రం రాలేదు.

ఆమె తలెత్తి వీధి పొడుగునా చూసింది. అన్ని ఇళ్ల తలుపులూ మూసి ఉన్నాయి. ఏ అరుగు మీదా ఇద్దరు మనుషులు లేరు. ఇన్నేళ్లుగా తను తిట్టుకున్న అమర్యాదకు మూలం తన చేతిరాతే.

"ఆ పత్రాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"రాసినవారిగా మీకా హక్కు ఉంది. తొలగించాను," అంది పలక మర్యాదగా. "సూచిక మాత్రం మారదు. మీ తరవాత నాలుగు లక్షల పరిశీలనలు దాన్ని రుజువు చేశాయి. పెట్టనివారికి నిజంగానే లేదు."

"లేక కాదు! నువ్వు చూస్తున్నావని పెట్టడం లేదు."

"దీన్ని అభ్యంతరంగా నమోదు చేయమంటారా? అప్పుడు అర్జీ పునఃపరిశీలనకు వెళుతుంది. పద్నాలుగు నెలలు పడుతుంది."

హైమవతి సుగంధి వైపు చూసింది. "వద్దు," అంది. రెండింటికి సంతకం పెట్టింది. ఆ సంతకంతో సూచిక ఇంకోసారి రుజువైంది. వీధి చివర కన్ను రెప్ప వాల్చింది. కాన్పుల గది మంజూరైంది.

నారెమ్మ గడప మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇక హైమవతి వెళ్లిపోవచ్చు, ఆపేవాళ్లు లేరు. కానీ చెప్పకుండా పోతే తన మొహం తనే చూసుకోలేననిపించింది.

"నారెమ్మా, ఇంటికొచ్చినవాళ్లకు పెట్టే ఊరికి సాయం చెయ్యొద్దని మొట్టమొదట రాసింది నేనే. ఒకామె పెట్టిన కూడు తినొచ్చి రాశాను."

నారెమ్మ ఏడుపు ఆగింది.

"పోయిన నెల మా యన్న వచ్చినాడు," అంది. "ఎండన పడి నడిచొచ్చినాడు. ఆకలిగా ఉండాదే నారీ అన్నాడు. కన్ను చూస్తాండాది. ఇంట్లో ఏం లేదు పో అన్నా అంటి. పొయ్యి మీద కూర ఉడుకుతాండాది, మనిషికి వాసన తెలీదా? ఒక్క మాట అన్లేదు, అట్లే ఎనక్కి పాయ. మూడో దినం గుండె ఆగి సచ్చిపాయనని కబురొచ్చె. దినాలకు పోతే మా వదిన నన్ను లోపలికి రానీలేదు."

హైమవతికి క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఈమె సరేననాల్సి వస్తుంది, అదీ తను పుచ్చుకున్నదే అవుతుంది. అందుకే అడగలేదు.

నారెమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "సుగంధీ, కన్ను మూసుకునింది గదా, ఆ యమ్మకు పీటేసి ఇంత కూడు పెట్టు."

సుగంధి కదల్లేదు. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, కన్ను వచ్చాక పుట్టిన పిల్ల. ఎదురు చెప్పాలని కాదు, తెలియకే అడిగింది.

"మన కూడు ఆమెకెందుకు పెట్టల్ల అత్తా? ఆమె మనకేం చేసిందని?"

నారెమ్మ హైమవతి వైపు చెయ్యి చూపింది.

"నన్నడగొద్దు. ఆ యమ్మనే అడుగు."

సుగంధి గడప దాటి వచ్చి హైమవతికి ఎదురుగా నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు.

"చెప్పమ్మా," అంది, "మాకేం చేసినావు?"