ఖాళీ ట్యాంకు

"జోస్యుడు మళ్లీ నోరు తెరిచాడు," అంటూ చీఫ్ ఫోన్‌ను బల్ల మీద ముందుకు తోశాడు.

వీడియోలో ముసుగు మనిషి చెబుతున్నాడు. వచ్చే గురువారం పగలు పదకొండూ నలభైకి రేవు పక్క చమురు డిపో పేలిపోతుంది. ఆపైన మూడు నెలలు చుక్క నూనె దొరకదు. కింద లక్షల కామెంట్లు.

"కిందటిసారి పైప్‌లైన్ పగులుతుందన్నాడు, పగిలింది. చెప్పేది వీడు, చేసేది వీడి ముఠా. వెనక ఉన్నది సరిహద్దు అవతలివాళ్లు."

ఏజెంట్ ముల్లు వీడియో ఆపేశాడు. ఆ పైప్‌లైన్ జోస్యం విని జనం బంకులన్నీ ఊడ్చేశారు. అతని భార్యను ఎక్కించుకున్న అంబులెన్సు డీజిల్ లేక నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆమె ఆసుపత్రి చేరలేదు. ముఠాను క్షమించనట్టే, ఆ రోజు క్యాన్ పట్టుకుని నిలబడ్డ ఏ ఒక్కడినీ అతను క్షమించలేదు.

"డిపో మూసేద్దామా సార్?"

"మూస్తే నూనె ఆగుతుంది. జోస్యం మనమే నిజం చేసినట్టు. లోపల రెండు వందల మంది ఉన్నారు. బాంబు పట్టుకో. నెమలి సాయం చేస్తుంది."

నెమలి ముఠాలో ఉంటూ వీళ్లకు పనిచేసే డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని మనిషి. ఎనిమిది నెలలుగా డిపోలో సేఫ్టీ ఇన్‌స్పెక్టరు వేషం.

ముల్లు ట్యాంకుల్లో నూనె కొలిచే పనివాడిగా చేరాడు. కొలత టేపు చివరి ఇత్తడి గుండులో బాంబును పసిగట్టే యంత్రం, చెవిలో రేడియో.

గురువారం, పదకొండూ ముప్పై రెండు.

"పంపుహౌస్‌లో ఉంది. పరుగెత్తు!" రేడియోలో నెమలి.

"నాలుగో ట్యాంకొక్కటే నేను చూడలేదు. నువ్వు చూశావా?"

"అది ఖాళీ కదోయ్. ఖాళీ డబ్బాలో ఏం తగలబడుతుంది?"

ముల్లు నిచ్చెన మీదే ఆగిపోయాడు. పని నేర్పుతున్న ముసలి కొలతగాడు కింద నుంచి తలెత్తాడు.

"ఏమైందిరా అల్లుడూ?"

"మామా, నాలుగో ట్యాంకు ఖాళీయేనా?"

"నిన్ననే తోడేశారు. దాని దగ్గరికి పోకు. నిండుగా ఉంటే పైపైన మండుతుంది. ఖాళీదాంట్లో అంతా ఆవిరే. ఒక్క రవ్వ పడితే మన బూడిద కూడా దొరకదు. మొదటిరోజే చెప్పానుగా, మట్టిబుర్రా!"

సేఫ్టీ ఇన్‌స్పెక్టరుకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. ముల్లుకు తెలియదనుకుని దారి మళ్లించింది.

అతను దూకి పరుగెత్తాడు. నాలుగో ట్యాంకు అడుగు మూత తెరిచి ఉంది. మూత పక్కన అయస్కాంతంతో అతుక్కున్న పెట్టె. పదకొండూ ముప్పై ఏడు. నడుముకున్న, రవ్వలు రాల్చని ఇత్తడి బద్దతో మెల్లగా ఊడదీశాడు.

"అక్కడ పెట్టెయ్!" వెనక నెమలి, చేతిలో పిస్తోలు.

"కాల్చు," అన్నాడు ముల్లు. "ఇక్కడంతా ఆవిరే. ఇద్దరం కలిసే పోదాం."

ఆమె వేలు ట్రిగ్గర్ మీదే ఆగిపోయింది. ఆ క్షణంలోనే, వెంట పరుగెత్తుకొచ్చిన ముసలాడి కొలత కర్ర ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు ఇసుకలో దిగబడింది.

"ఇన్‌స్పెక్టరమ్మా, ట్యాంకు దగ్గరికి ఇనుము తేకూడదు తల్లీ!"

ముల్లు రేవు గోడ దాకా పరుగెత్తి పెట్టెను సముద్రంలోకి విసిరాడు. అది మునిగిన రెండు సెకన్లకు నీళ్లు తాటిచెట్టంత లేచాయి.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. "జోస్యుడు లైవ్‌లో ఉన్నాడయ్యా. తన ప్రార్థన వల్లే గండం తప్పిందట. చూసేవాళ్లు రెట్టింపయ్యారు."

"ఆపింది మనం సార్."

"చెప్పుకోవడం వాడి ఉద్యోగం. మనం నోరు మూసుకోవడానికే జీతం తీసుకుంటున్నాం."