విమానంలో ఉపవాసం

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. అల్లం వ్యాపారి మహాదేవప్ప. ఆయన భార్య గిరిజమ్మ. లండన్‌లో ఉన్న కూతురికి పురుడు చూసుకొని ఈ మధ్యే విమానంలో తిరిగివచ్చింది. మహాదేవప్ప చెల్లెలు సుగుణమ్మ. భర్త పోయాక అన్న ఇంట్లోనే ఉంటోంది. సుగుణమ్మ కూతురు మనోరమ. విమానం ముచ్చట మళ్లీ వినడానికి పనులన్నీ వదిలేసి వచ్చిన పక్కింటి చెన్నమ్మ. కోహీర్ నుంచి వాళ్ల గురువు జంగమయ్యగారు ఇంకా రావాలి. గిరిజమ్మ క్షేమంగా తిరిగొచ్చినందుకు ఆయనకు పాదపూజ, ఆ తర్వాత ఆయనతోపాటు అందరికీ భోజనం.

అందరికీ అంటే సుగుణమ్మకు తప్ప. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఉడకని బియ్యం ఆమె తాకవచ్చు. ఉడికిన అన్నం తాకకూడదు, వంటింటి గడప దాటకూడదు, బంతిలో కూర్చోకూడదు. అది గిరిజమ్మ పెట్టిన కట్టు.

నాలుగేళ్ల కిందట వానాకాలంలో, జ్వరంతో కాలిపోతున్న మనోరమను తీసుకొని సుగుణమ్మ న్యాల్‌కల్ నుంచి బస్సులో వస్తుంటే నారింజ వాగు పొంగింది. బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్క ఇంటి హబీబున్నీసా తల్లీకూతుళ్లను లోపలికి పిలిచి, పొడి బట్టలిచ్చి, గిన్నెలో జావ పోసి పెట్టింది. “అమ్మ తాగితేనే నేను తాగుత” అని మనోరమ మొండికేసింది. సుగుణమ్మ తాగింది. మెడలో లింగం కట్టుకున్నవాళ్లు స్నానం చేసి, ఆ లింగాన్ని అరచేతిలో పెట్టుకొని పూజ చేశాకే ఏదైనా నోట్లో పెట్టాలి. స్నానం లేదు, పూజ లేదు, పైగా సాయెబుల ఇంటి జావ. మర్నాడు “ఏం తిన్నరు?” అని గిరిజమ్మ అడిగితే సుగుణమ్మ దాచకుండా చెప్పింది.

చిన్నపిల్ల అని మనోరమ నుదుట విభూతి పెట్టి ఇంట్లోకి రానిచ్చారు. తల్లికి మాత్రం కొట్టం పక్క గది, వేరే పొయ్యి, వేరే చెంబు ఇచ్చారు. మహాదేవప్ప భార్య మాటకు ఎదురు చెప్పలేదు.

మనోరమ నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. ఎవరైనా పేరడిగినా తల దించుకునేది. కానీ ఏదీ మరిచిపోయేది కాదు. పండుగనాడు తల్లి చేతికి తగలకుండా పైనుంచి ప్రసాదం వదిలిన అత్త చెయ్యి, చుట్టాల ముందు “ఆమెకు బయట పెట్టుర్రి” అన్న అత్త గొంతు, అన్నీ ఆమెకు గుర్తే. ఈ పది దినాలుగా ఇంకొకటి చేరింది. లండన్ నుంచి వచ్చిన గిరిజమ్మ రోజూ సాయంత్రం తన గది తలుపు దగ్గరకేసి సుగుణమ్మతో కాళ్లకు నూనె రాయించుకుంటోంది. అన్నం తాకకూడని చెయ్యి కాళ్లు తాకవచ్చు! ఆ మూసిన తలుపు చూసినప్పుడల్లా మనోరమ పళ్లు బిగుసుకునేవి.

“గిరిజక్కా, మబ్బుల ముచ్చట మల్ల జర చెప్పవా. నిన్న మా ఆయన పిలిచిండని సగంల లేచిపోయిన” అంది చెన్నమ్మ, నడవలో గోడకు చేరగిలబడుతూ.

“ఎన్నిసార్లు చెప్పాలెనే నీకు” అంటూనే గిరిజమ్మ మొదలుపెట్టింది. “మొదాలు కుర్చీల కూసోబెట్టి నడుముకు పట్టీ బిగిస్తరు. గంత మీద నుంచి మనం యాడికి పారిపోతమో! చీర కట్టుకున్న పిల్ల ఒకామె పళ్లెంల చాక్లెట్లు, పత్తి పట్టుకొని వచ్చింది. విమానం లేసేటప్పుడు చెవులల్ల గుయ్యిమంటదట, చప్పరిస్తుంటే తగ్గుతదట. నేను చాక్లెట్ ముట్టలే. పత్తి పెట్టుకున్న.”

“మబ్బులో?”

“కాళ్ల కింద ఉంటయే మబ్బులు! ఏకిన పత్తి ఆరబోసినట్టు, చూపు ఆనినంత దూరం గదే. ఇగ పొద్దు అయితే మునగనే మునగదు. మేం పడమటికి పోతున్నం, పొద్దూ పడమటికే పోతున్నది. ఎంతసేపు చూసినా గదే మద్యాన్నం.”

“శివనే! అయితే గిన్నెలు కడుగుడు, పండుడు ఎప్పుడు?”

“గిన్నెలు యాడివే, కూసున్న కాడ కూసునుడే. మోకాళ్లు ముంగటి కుర్చీకి తగులుతయి. పక్కన దొర సిగరెట్ల మీద సిగరెట్లు. ఆకు ఏసుకుందమంటే ఊసనీకి జాగ లేదు, కిటికీ తెరువరాదు.”

“తెరిస్తే కింద ఎవని నెత్తి మీద పడుతుండెనో!” చెన్నమ్మ పకపకా నవ్వింది.

“నవ్వకు. కాళ్లు ఉబ్బి గుమ్మడికాయలైనయి. దిగేటప్పుడు చెప్పులు పట్టలే. లండన్ల నేను చెప్పులు చేతుల పట్టుకొని దిగిన.”

“మరి గంతసేపు ఏం తినకుంట ఎట్లున్నవక్కా?”

గిరిజమ్మ చూపు ఒక్కసారి వాకిట్లో చేట పట్టుకున్న సుగుణమ్మ వైపు పోయింది. గొంతు కొంచెం తగ్గింది. “స్నానం లేదు, లింగపూజ లేదు, ఎట్ల తింట? బొంబాయిల ఎక్కింది మొదలు బిడ్డ ఇల్లు చేరేదాక మంచినీళ్లు సుత ముట్టలే. అయినా గది ఏం తిండే! పెద్ద పెద్ద మెతుకులు, పక్కన ఉడికిన బఠానీలు. ఉప్పు లేదు, కారం లేదు, గడ్డి తిన్నట్టు. చిన్న పొట్లంల ఉప్పు పెడతరు, అది చల్లుకుంటే జర నయం.”

చెన్నమ్మ రెండు చేతులూ జోడించింది. “ఎంత నిష్ఠ అక్కా నీది!”

మంచినీళ్ల బిందె మోసుకొస్తున్న మనోరమ గుమ్మంలోనే ఆగింది. మొన్న కూడా ఈ ఉప్పు మాట విన్నది. అప్పుడు తానే పొరబడ్డాననుకుంది. ఇప్పుడు రెండోసారి. బిందె దించి, ఎవరూ తన వైపు చూడటం లేదని చూసుకొని, వాకిట్లోకి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

“అమ్మా, అత్తమ్మ విమానంల తిన్నది.”

సుగుణమ్మ చేట ఆపలేదు. “నీకెందుకే. పోయి విస్తర్లు కడుగు.”

“నిన్ను బయట కూసోబెట్టి తాను తిన్నదమ్మా! తిని, ఉపాసమున్న అని మొక్కించుకుంటున్నది.”

“మనూ, ఇయ్యాల ఒక్క పూట నోరు మూసుకో.”

“నాలుగేండ్ల సంది మూసుకునే ఉన్న కద.”

“ఇయ్యాల ఒక్క పూట ఓర్చుకో బిడ్డా. నా మాట విను.” సుగుణమ్మ కూతురి ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో ఏదో బతిమాలడం ఉంది. మనోరమకు అది పిరికితనంలా కనిపించింది. అమ్మకు చేతకానిది నేను చేస్తాననుకుంది. విస్తర్లు కడుగుతున్నంతసేపూ ఆమె ఒకే మాటను లోలోపల తిప్పి తిప్పి నూరుకుంది.

జంగమయ్యగారు వచ్చారు. బక్కపలచని ముసలాయన, గొంతు మెత్తన. పాదపూజ అయింది. తీర్థం ఇచ్చారు. నడవలో విస్తర్లు వేసి అందరూ కూర్చున్నారు. సుగుణమ్మ నడవ బయట, మెట్టు కింద తన గోనెసంచి మీద కూర్చుంది. మనోరమ చెంబుతో నీళ్లు పోస్తోంది.

మహాదేవప్ప ఛాతీ కొంచెం విరుచుకొని కూర్చున్నాడు. “అయ్యగారూ, ఒక మాట చెప్పాలె. మా ఇంటామె లండన్ దాక ఉపాసముండి పోయింది. విమానంల అందరు తింటుంటే ఈమె నీళ్లు సుత ముట్టలేదట.”

“గట్లనా తల్లీ?” అని జంగమయ్యగారు గిరిజమ్మ వైపు చూశారు.

గిరిజమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. “అయ్యగారూ, విమానంల ఒక సంగతి జరిగింది. అది అందరి ముందర…”

మళ్లీ అదే కథ, ఈసారి అయ్యగారి చేత కూడా మొక్కించుకోవడానికి! మనోరమ చెంబు కింద పెట్టింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“అత్తమ్మా, నోట్ల పెట్టకుంటనే ఉప్పు లేదని ఎట్ల తెల్సింది?”

చెన్నమ్మ కలుపుతున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఏం మాటలే అవి?” మహాదేవప్ప గద్దించాడు.

“అడుగుతున్న మామా. పొట్లంల ఉప్పు చల్లుకుంటే జర నయం అన్నరు. ఎవరికి నయమైంది? పక్కన కూసున్న దొర వచ్చి చెప్పిండా?”

“అవును కదా…” అని చెన్నమ్మ నోరు జారి, వెంటనే తల వంచుకుంది.

గిరిజమ్మ ముఖం పాలిపోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. చివరికి నేల చూపులు చూస్తూ అంది: “ఆకలైంది. తిన్న.”

మహాదేవప్ప విస్తరి ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జంగమయ్యగారు నెమ్మదిగా అన్నారు, “పోనీ తల్లీ. ఆకాశంల స్నానం యాడ దొరుకుతది? పానం నిలుపుకోనీకి తిన్నవు.”

మనోరమ ఆయన వైపు తిరిగింది. ఇంతకుముందు పెద్దవాళ్ల కళ్లలోకి ఎన్నడూ చూడని పిల్ల. “వాగు కాడ దొరుకుతదా అయ్యగారూ? మా అమ్మ గూడ పానం కోసమే తాగింది. నా పానం కోసం. దాచకుంట చెప్పినందుకు నాలుగేండ్లు బయట కూసోబెట్టిన్రు.” ఆమెకు ఒళ్లంతా తేలికైపోయినట్టుంది. ఇంత తీపి ఉంటుందని తెలిస్తే ఎప్పుడో నోరు విప్పేది. “మరి ఇయ్యాల అత్తమ్మ యాడ కూసుంటది? ఇంకొక గోనెసంచి తేవాల్నా?”

గిరిజమ్మ ఎవరి వైపూ చూడకుండా బంతిలోంచి బయటికి నడిచింది. మెట్లు దిగి, వాకిలి దాటి, బావి గట్టు మీద కూలబడింది.

జంగమయ్యగారు మెట్టు వైపు తిరిగి, “సుగుణమ్మా, నువ్వు లోపలికి రా తల్లీ. వచ్చి కూసో. నీ తప్పేం లేదు” అన్నారు.

మనోరమ తల్లి వైపు చూసింది. ఈ పిలుపు కోసమే కదా ఇంతా. సుగుణమ్మ లేచింది. కానీ మెట్టు ఎక్కలేదు.

“నేను రాను అయ్యగారూ. క్షమించుర్రి” అని దండం పెట్టి, కూతురిని మెట్టు దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకొని వాకిట్లోకి లాక్కుపోయింది.

“ఏం చేసినవే?”

“నీ పగ తీర్చిన. నీకు చేతకాలే, నేను తీర్చిన.”

“నాకు ఆమె వచ్చిన నాడే చెప్పింది.” సుగుణమ్మ గొంతు పెద్దది కాలేదు. “కాళ్లకు నూనె రాస్తుంటే ఏడ్చుకుంట చెప్పింది. ‘ఆకలికి ఆగలేకపోయిన సుగుణా, నిన్ను తప్పు పట్టిన నోటితోనే తిన్న’ అన్నది. నన్ను అప్పుడే వంటింట్లకు రమ్మన్నది. నేను పోలే. ‘గిట్ల తలుపు చాటుకు కాదు వదినా. నువ్వు నన్ను అందరి ముందర బయటికి పంపినవ్. అయ్యగారి ముందర, అందరి ముందర నీ నోటితోని చెప్పు, అప్పుడు వస్త’ అన్న. రోజు తలుపేసుకొని గదే మాట్లాడుకున్నం. ఆమెకు భయం. ఇయ్యాల చెప్త అన్నది. లేచి నిలవడ్డది. నోరు తెరిచింది.”

మనోరమకు గిరిజమ్మ కొంగు లాక్కున్న తీరు, ‘అందరి ముందర’ అని ఆగిన గొంతు కళ్ల ముందుకు వచ్చాయి. “చెప్తదని నాకెట్ల తెలుస్తది? మల్ల గొప్పలు చెప్పుకుంటదనుకున్న. చెప్పకపోతుండెనేమో!”

“చెప్పకపోతుండెనేమో. అది ఇగ నాకు ఎన్నటికీ తెల్వది.” సుగుణమ్మ కళ్లు తుడుచుకుంది. “నేను అడిగింది గదొక్కటే. నేను నా నోటితోని చెప్పుకున్న, ఆమె తన నోటితోని చెప్పాలె. ఇప్పుడు ఆమె చెప్పలే, దొరికింది. దొరికినదాన్ని పట్టుకొని నేనేం చేసుకోవాలె?”

“నీ కోసమే అమ్మా…”

“నా కోసం ఉప్పు మాట అడిగినవ్, సరే. గోనెసంచి మాట ఎవరి కోసం? అది అన్నప్పుడు నీ మొఖం చూసిన. నాలుగేండ్ల కింద ఆమె మొఖం అచ్చం గట్లనే ఉండె.”

ఇందాక మనోరమ ఒంట్లో నిండిన తేలిక ఎటుపోయిందో తెలియలేదు. అత్త మీద కోపం ఇంకా అక్కడే ఉంది, తగ్గలేదు. కానీ దానితో ఇక చేయవలసిన పని ఏదీ లేదు.

సుగుణమ్మ బావి దగ్గరికి వెళ్లి గిరిజమ్మ ముందు నిలబడింది. “లే వదినా. పొద్దటి సంది ఏం తినలే నువ్వు.”

“ఏ మొఖం పెట్టుకొని తినాలెనే సుగుణా? వాళ్ల ముంగటికి నేను మల్ల పోను.”

“వాళ్ల ముంగటికి వద్దు. నా తాన జొన్నరొట్టె ఉన్నది, పచ్చి పులుసు ఉన్నది. రా.”

ఇద్దరూ కొట్టం పక్క గది వైపు నడిచారు. నాలుగేళ్లలో గిరిజమ్మ ఆ గడప తొక్కడం ఇదే మొదటిసారి. గడప ముందు ఆగి, “రావచ్చునా?” అని అడిగింది. సుగుణమ్మ ఆమె మోచెయ్యి పట్టుకొని లోపలికి తీసుకెళ్లి, చాప పరిచి, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. రొట్టె రెండు ముక్కలుగా తుంచి ఒకటి ఆమె చేతిలో పెట్టింది. గిరిజమ్మ రొట్టె పట్టుకొని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. “తిను వదినా, తిన్నంక ఏడుద్దువు” అంటూ సుగుణమ్మ కూడా కళ్లు ఒత్తుకుంది.

మనోరమ నీళ్ల చెంబుతో గుమ్మం దాకా వచ్చింది. లోపల నీళ్లు లేవని ఆమెకు తెలుసు. అడుగు లోపల పెట్టబోయింది. ఆమె కళ్ల నిండా నీళ్లు నిండి, ఇద్దరూ ఒకే మనిషిలా అలుక్కుపోయి కనిపించారు.

“అమ్మా, నేను…”

సుగుణమ్మ లేచి వచ్చింది. కూతురి చేతిలోని చెంబు అందుకుంది. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, తలుపు మూసింది.