అడక్కుండా సర్దిన అమ్మాయి

“ముందు టోకెన్ తీసుకోండి.”

“మేడమ్, నా కంప్యూటర్…”

“ఇక్కడ అందరివీ కంప్యూటర్లేనండీ. ఎవరూ కుక్కర్లు తీసుకురాలేదు. టోకెన్!”

బయట వాన దంచి కొడుతోంది. నేను తల నుంచి పాదాల దాకా తడిసి ముద్దయ్యాను. రెయిన్‌కోటు లేక కాదు, ఉంది. దాన్ని చంకలో ఉన్న సీపీయూకి తొడిగి, టోపీ కూడా పెట్టి గుండీలు బిగించాను. చూసినవాళ్ళు ఎవరి పిల్లాడో అనుకుని బస్సులో నాకు సీటు కూడా ఇచ్చారు.

సర్వీస్ సెంటర్ హాలు కిక్కిరిసి ఉంది. ముందురోజు కొత్త అప్‌డేట్ వచ్చింది. మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ‘దయచేసి ఆపివేయకండి’ అంటూ దానంతటదే ఎక్కేసింది.

“తెర మీద కిటికీ మూసే గుర్తు కుడివైపుండేది. ఎడమకి మార్చారు. ఏం, కుడివైపు ఏం పాపం చేసింది?” అని ఒక పెద్దాయన తన పక్కనున్నావిణ్ణి నిలదీస్తున్నాడు. ఆవిడ కంపెనీ మనిషి కాదు, పాపం ఆవిడా కంప్లయింటు ఇవ్వడానికే వచ్చింది. “నా స్క్రీనంతా నల్లగా అయిపోయిందండీ. పైగా ‘కళ్ళకు హాయి’ అని రాసుంది. ఎవరి కళ్ళకి?” అని ఆవిడ ఎదురడిగింది.

నా వంతు వచ్చింది. కౌంటర్ వెనక అమ్మాయి జుట్టు ముడి వేసి దాంట్లో పెన్సిల్ గుచ్చుకుంది. కళ్ళు పెద్దవి. నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. అయినా బాగున్నాయి. ఆ సంగతి గమనించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. తిట్టడానికి వచ్చినవాడికి కళ్ళతో ఏం పని?

“చెప్పండి. ఏమైంది?”

“సర్దేశారు.”

“అంటే?”

“నా డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ ఊడ్చి ఒక్క ఫోల్డర్లో పోశారు. ‘మీ కోసం సర్దిపెట్టాం’ అని ఒక నవ్వు మొహం కూడా పెట్టారు. ఆ మొహం ఎవరిదో నాకు కావాలి.”

ఆమె పెదవి బిగించింది. “సర్దితే మంచిదే కదండీ. అక్షరక్రమంలో ఉంటాయి. పేరు చూసి తీసుకోవచ్చు.”

నేను సీపీయూని కౌంటర్ మీది తెరకి తగిలించి, తెర ఆమె వైపు తిప్పి ఫోల్డర్ తెరిచాను. ఆమె పైకే చదివింది. “అబ్బా. అబ్బా రెండు. ఇది కాదు. ఇదే. ఇదే ఫైనల్. కొత్తది. కొత్తది కొత్తది. వద్దు…” చదువుతూ చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వండి. ఫరవాలేదు.”

“ఇవి పేర్లాండీ? ఇలా పెడితే దేవుడైనా వెతకగలడా?”

“నేను పేరు చూసి వెతకను. చోటు చూసి వెతుకుతాను.”

నా పని ఆమెకి చెప్పక తప్పలేదు. రేడియో నాటకాలకి చప్పుళ్ళు చేసేవాణ్ణి నేను. స్టేషన్లో అందరూ నన్ను ‘చప్పుళ్ళు’ అనే పిలుస్తారు. తెర మీద పైవరసంతా బయటి చప్పుళ్ళు: వాన, గాలి, రోడ్డు. కిందవి ఇంట్లోవి. తలుపులు ఎడమవైపు, వంటింటి గిన్నెలు కుడివైపు. మనుషుల అడుగులు మధ్యలో. లైవ్‌లో నటులు మాట్లాడుతుంటే, నేను పేర్లు చదువుతూ కూచోను. చెయ్యి తనంతట తనే వెళ్ళి చప్పుడు మీద వాలుతుంది. శుక్రవారం నాటకం ఉంది. చప్పుళ్ళు రెడీమేడ్‌గా దొరుకుతుంటే ఈ మనిషెందుకని స్టేషన్లో కొత్త ఆఫీసరు అప్పటికే గొణుగుతున్నాడు.

ఆమె నవ్వు తగ్గిపోయింది.

“పాత చోట్లు వెనక్కి తేలేమా?” అన్నాను.

“తేలేం. అవి దాచలేదు.” ఆ మాట చెప్పడానికి ఆమెకి కష్టమైనట్టే ఉంది. “అవసరం పడుతుందనుకోలేదు… అంటే, వాళ్ళనుకోలేదు.”

“మరి నేనేం చెయ్యాలి?”

ఆమె గడియారం చూసింది. “సాయంత్రం నా డ్యూటీ అయ్యాక రండి. ఒక్కొక్కటీ విని, ఏది ఏమిటో పట్టుకుని పేర్లు పెడదాం. మంచి పేర్లు. తర్వాత మీ పాత చోట్లలో మీరే పెట్టుకోవచ్చు.”

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. ఇద్దరం ఒక మూల బల్ల దగ్గర కూచున్నాం. హెడ్‌ఫోన్లు ఒక్క జతే ఉండటంతో చెరో చెవికి ఆనించుకుని వినాల్సి వచ్చింది. తలలు దగ్గరకి రాక తప్పలేదు. పెన్సిల్ రెండుసార్లు నా చెంపకి గుచ్చుకుంది.

మొదటి ఫైలు నొక్కాను.

“వాన!” అంది వెంటనే.

“కాదు. స్టీలు పళ్ళెంలో చక్కెర పోశాను.”

“మోసం! మరి ఇది?”

“మంచులో నడక.”

“నిజంగా?”

“మంచెక్కడిదండీ? పిండి సంచిని పిసికాను.”

“ఛ! ఇన్నాళ్ళూ నాటకాలు విని ఏడ్చేదాన్నే. ఇక మీదట ఏడుస్తుంటే పిండి సంచి గుర్తొస్తుంది. నా ఏడుపు కూడా పాడుచేశారు.”

తర్వాత ‘అబ్బా’ నొక్కింది. నేను ఆపేలోపే చెవిలో ఒక ముద్దు చప్పుడు వినబడింది. చాలా పొడుగాటి ముద్దు.

ఆమె మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. “ఎవరండీ ఆవిడ?”

“ఆవిడెవరూ లేరు. అది… నా చెయ్యే.”

“మీ చెయ్యా?”

“మోచేతి పైన. అక్కడైతే బాగా పలుకుతుంది.”

బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆగి, నా మోచెయ్యి చూసి మళ్ళీ నవ్వింది. ‘అబ్బా రెండు’ వినాల్సిన అవసరం లేదని నేను గట్టిగా చెప్పాను. అయినా ఆమె అదీ వింది.

ఒక ఫైలు మాత్రం ఏమిటో నాకే అంతుపట్టలేదు. ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ వింది. “ఇది మాత్రం నిజం వానే. మధ్యలో ఎవరో గొడుగు మూశారు. ఎవరో ఇంటికొచ్చినట్టున్నారు” అంది. ఆ మాటతో నాకు గుర్తొచ్చింది. అది మా మేడమెట్ల మీద నేను రికార్డు చేసింది. అక్క ఆఫీసు నుంచి వచ్చి గొడుగు మూసిన చప్పుడు. అప్పట్లో స్టేషన్లో ఎన్నిసార్లు వినిపించినా ఎవరూ పట్టుకోలేదు. నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

“ఏంటి?” అంది.

“ఏం లేదు. బాగా వింటారు మీరు.”

“తిట్లు వినీ వినీ అలవాటైంది లెండి.”

అలా రోజూ సాయంత్రాలు గడిచాయి. పగలంతా ఆమె జనం చేత తిట్లు తినేది, చీకటి పడేలోపు నా తలుపులూ గిన్నెలూ వినేది. పని పూర్తి కావచ్చింది. అది నాకు సంతోషంగా లేదని తెలిసి కంగారుపడ్డాను. ఆ కంగారులోనే నోరు జారాను.

“అసలు ఈ సర్దుడు కనిపెట్టినవాళ్ళని ఏం చెయ్యాలో తెలుసా? వాళ్ళింటికెళ్ళి వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో పెట్టి రావాలి. ఉప్పు ఎక్కడుందో కాఫీ పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది.”

ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“ఆ మాట మీరు రాసిందేనా?”

“ఆఁ, అప్‌డేట్ వచ్చిన రోజే పోస్టు పెట్టాను. ఎంతమంది పంచుకున్నారో తెలుసా! మీరూ చూశారా?”

“చూశాను. మా మీటింగులో పెద్ద తెర మీద వేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగోదు కదా.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “మా అమ్మకి కూడా ఎవరో పంపారు. అమ్మ నాకు చదివి వినిపించి, ‘ఎవరే పాపం ఆ సర్దింది?’ అంది. నేనేనని చెప్పలేకపోయాను.”

నేను చెవి దగ్గరి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

“నేను కౌంటర్ మనిషిని కానండీ, డిజైనర్ని. తయారు చేసినవాళ్ళే జనం ముందు కూచుని వినాలని మా మేనేజర్ ఈ వారం మమ్మల్ని ఇక్కడికి పంపారు. మా నాన్న తెర మీద ఏదీ దొరక్క రోజూ విసుక్కునేవారు. ఆయన కోసం మొదలుపెట్టాను. అందరూ మా నాన్నలాగే ఉంటారనుకున్నాను.”

“మీరు ముందే చెప్పొచ్చు కదా!”

“దేనికి? మొదటిరోజు ఆ మొహం ఎవరిదో కావాలన్నారుగా. భయమేసింది.”

ఇప్పుడైనా క్షమించండని ఒక్క మాట అనాలి. నేనేమన్నానో తెలుసా? “అయినా అడక్కుండా సర్దడం తప్పేనండీ” అన్నాను. నా నాలుకని ఎవరైనా అప్‌డేట్ చేస్తే బాగుండునని ఆ రోజు నుంచీ నా కోరిక.

ఆమె మిగిలిన ఫైళ్ళన్నీ చివరిదాకా విని పేర్లు పెట్టి, సీపీయూ మూసి, దానికి రెయిన్‌కోటు తనే తొడిగి నా చేతికిచ్చింది. “మీ నాటకం బాగా జరగాలి” అని వెళ్ళిపోయింది.

నాటకం బాగానే జరిగింది. ఎప్పుడూ మెచ్చుకోని మా డైరెక్టర్ మేడమ్ కూడా “వాన బాగుందయ్యా” అన్నారు. కొత్త ఆఫీసరు గొణగడం మానేశాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తాను. ఆమె డ్యూటీ వారం అయిపోయిందన్నారు. పెద్ద ఆఫీసుకి వెళ్ళాను. గేటు దగ్గర ఎవరు కావాలని అడిగారు. ఇన్ని సాయంత్రాలు పక్కపక్కన కూచుని పేరడగని మేధావిని నేను! “సర్దిన అమ్మాయి” అన్నాను. వాచ్‌మన్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి ఒకే దారి మిగిలింది. అప్‌డేట్‌లో ఒక మూల ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని పెట్టె ఉంటుంది. దాంట్లో రాశాను. ‘సర్దిన వారికి: ఆ పోస్టు తీసేశాను. నేను తప్పు మాట్లాడాను. ఇట్లు, చప్పుళ్ళు.’

వెంటనే జవాబు వచ్చింది. ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.’ అది యంత్రం పంపే జవాబు. మర్నాడు రాశాను. ‘మీరు లేకపోతే తలుపు చప్పుళ్ళన్నీ ఒకేలా వినబడుతున్నాయి.’ ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.’ మరుసటి రోజు ‘కాఫీకి వస్తారా?’ అని రాశాను. దానికీ అదే జవాబు. తెర పగలగొడదామన్నంత చిరాకొచ్చింది. అయినా రోజూ రాశాను.

ఒక మధ్యాహ్నం వేరే జవాబు వచ్చింది.

‘దయచేసి ఇక ఆపండి. ఈ పెట్టె ఆఫీసులో అందరూ చదువుతారు. మా మేనేజర్ మీ అభిప్రాయాలన్నీ ప్రింటు తీసి క్యాంటీన్ గోడకి అంటించారు. ఆదివారం ఇంటికి రండి. అప్‌డేట్ తర్వాత మా నాన్న కంప్యూటర్లో చప్పుడు పోయింది. అది మీ డిపార్టుమెంటే కదా.’ కింద ఇంటి అడ్రసు ఉంది.

వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు రిటైరైన సర్వేయర్. కంప్యూటర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, సరిహద్దు తగాదాకి వచ్చినవాడిలా నిలబడి ఉన్నారు.

“అమ్మాయి అంతా చెప్పింది. నువ్వేనా బాబూ ఆ డబ్బాల పోస్టు రాసింది?”

“అవునండీ.”

“శభాష్! నా మనసులో మాట రాశావు. కూతురైపోయింది కాబట్టి నోరు మూసుకున్నాను గానీ…”

“నాన్నా!” అంది ఆమె.

“ఏం నాన్నా? చదరంగం ఎక్కడ పెట్టారో చూడు. ‘వినోదం’లోనట. చదరంగం వినోదమా బాబూ?”

“కాదండీ.”

“చూశావా!”

ఇద్దరం కలిసి మనసు తీరా తిట్టుకున్నాం. వాళ్ళమ్మగారు కాఫీ తెచ్చి, “ఈయనకి ఇన్నాళ్ళకి తోడు దొరికింది” అని నవ్వారు. ఆమె మాత్రం విసుగ్గా వసారాలోకి వెళ్ళిపోయింది. పెద్దాయన తిట్లు లోపల కొనసాగుతుండగా నేను వెనకే వెళ్ళాను. చినుకులు మొదలయ్యాయి.

“వచ్చే వెర్షన్లో సర్దే ముందు అడుగుతుంది,” అంది నా వైపు చూడకుండా. “మీటింగులో నేనే పట్టుబట్టాను. మీ కోసం కాదు. అది సరైనది కాబట్టి.”

“తెలుసు.”

“మరి దేనికొచ్చారు? చప్పుడు బాగుచేశారా?”

“లేదు. మీరంటే… అంటే నాకు… మొదటిరోజు టోకెన్ అన్నారు చూడండి, అప్పుడు కాదు గానీ తర్వాత…”

“అబ్బబ్బా! మా నాన్న కంప్యూటరే నయం. ఇంతకంటే త్వరగా తెరుచుకుంటుంది.”

“మీరంటే నాకిష్టం.”

ఆమె బుగ్గల్లో రంగు మారింది. “లోపల నాన్న అరుపుల్లో సరిగ్గా వినబడలేదు” అంది. అబద్ధం. గొడుగు మూసిన చప్పుడు పట్టుకున్న చెవులవి.

నేను ఊపిరి పీల్చుకుని గట్టిగా అన్నాను. “మీరంటే నాకు చాలా ఇష్టమండీ!”

లోపల అరుపులు టక్కున ఆగిపోయాయి. తర్వాత వాళ్ళమ్మగారితో పాటు కిటికీ దగ్గరకొచ్చిన పెద్దాయన గొంతు నెమ్మదిగా వినబడింది.

“అమ్మాయ్, ఈ కంప్యూటర్ సంగతి రేపు చూసుకుందాంలే. ముందు ఆ అబ్బాయికి జవాబు చెప్పు.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి, గుమ్మం వైపు తిరిగి ఒక్క అరుపు అరిచింది.

“నాకూ ఇష్టమే నాన్నా! చాలునా? ఇంక ఆ కిటికీ దగ్గర్నుంచి జరగండి, ఇద్దరూ!”

జవాబు నాకు చెప్పలేదు. వాళ్ళ నాన్నకి చెప్పింది. నాకు ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా వినబడింది.