ద్రాక్షతోట బంగళా

గోదారి పొంగి భద్రాచలం చుట్టుపక్క ఊళ్లను ముంచిన ఏడు. దసరా పోయింది, దీపావళి ఇంకా రాలేదు.

బుచ్చన్న ఉరుకుతున్నడు.

ఫాక్‌లాండ్ రోడ్డు మీద టమాటల లారీ ఇంకా ఆగనే లేదు... దూకిండు! మోకాలు చీరుకుపోయింది. చూసుకోలేదు.

పిడికిట్ల తాళంచెవి.

"ఏయ్ బుడ్డే! మర్నా హై క్యా?" టాక్సీవాడు బ్రేకేసి తిట్టిండు.

బుచ్చన్న ఆగలేదు. బొంబాయి కామాఠిపురల, వరసగ ఒంటిగదులున్న పెంకుల చాల్. అందుల చివరి ఖోలీ తనది. బయట తాళం వేసి ఉంది.

లోపల మనిషి ఉంది!

లచ్చమ్మ. ఊరి నుంచి వచ్చిన పిల్ల, వరుసకు కోడలు. నిండు చూలాలు.

తాళం వేసింది ఎవరో కాదు. బుచ్చన్నే. తన చేతులతోనే!

పాలమూరు నుంచి కొత్తగా దిగినోళ్లను ఆ చాల్‌ల అందరూ గిట్లనే దాస్తరు. బయటోళ్లను పెట్టుకున్నరని తెలిస్తే చాలు, చాల్ సొంతదారు సేట్ ఖోలీ గుంజుకుంటడు. సేట్ మనిషి శివరాం రోజూ గల్లీల తిరుగుతడు. వాని కంటికి తాళం కనబడాలె. తాళం చూసి పోతడు. పొద్దున, మాపున పక్క ఖోలీ లక్ష్మవ్వ తన దగ్గరున్న రెండో తాళంచెవితోని తీసి, ఇంత అన్నం పెట్టి, మళ్ల వేస్తది.

లచ్చమ్మ మొగుడు నర్సింహులు ఫుట్‌పాత్ మీద పండుకుంటడు. నాకా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట కూలికి పోతడు. ఊరు కొత్త. గల్లీలు కూడ సరిగ తెల్వవు.

ఆ ఖోలీ గోడ కట్టింది బుచ్చన్న తాత. అది పోతే బొంబాయిల ఇంకో జాగ లేదు.

ఈ తిప్పలంతా బంగళాతోని మొదలైంది.

"బుచ్చన్నా, నాసిక్ కాడ సేట్ బంగళా ఉంది. చుట్టూ ద్రాక్షతోటలు! సీజన్ కాదు, ఊకె పడి ఉంది. కిరాయి నామ్‌కే వాస్తే, పేరుకే. అవ్వకు గోదాట్ల స్నానం చేపిస్త అంటివి గదా, తీస్కపో," అన్నడు శివరాం.

తల్లి గంగవ్వకు అదొక్కటే కోరిక. "అన్ని ఊళ్లను మింగిన గోదారి పుట్టిన కాడ ఎంతుంటదో చూస్త బిడ్డా," అని ఆ వానకాలమంతా అన్నది.

పోయిన్రు. అవ్వ, భార్య యాదమ్మ, బుచ్చన్న. పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి సెలవు! శివరామే దగ్గరుండి దింపి పోయిండు.

బంగళా మంచిగనే ఉంది. కత్తిరించిన ద్రాక్ష తీగలు, వరసలు వరసలు. కింది గదిల పాత చెక్క పీపాలు. దొరల కాలంల అక్కడ ద్రాక్ష సారా పట్టేటోళ్లంట. పులుపు వాసన ఇంకా పోలేదు.

"సెలవంటే సారా దుకాణంల పండుడా?" అని యాదమ్మ కొంగు ముక్కుకు పెట్టుకొని నవ్వింది.

ఇయ్యాల మధ్యాహ్నం తోటమాలి రాజలింగం వచ్చి పక్కన కూసున్నడు. షోలాపూర్ తెలుగాయన. బీడీ ముట్టించుకుంట అడిగిండు.

"అన్నా, ఏమనుకోకు. ఈ బంగళాకు కిరాయికి వచ్చినోళ్ల ఇండ్లు ఎందుకు కూలుతయ్?"

"ఏందీ?"

"పోయిన వానకాలం మీ బొంబాయోళ్లే వచ్చిన్రు. వాళ్లు ఇక్కడ ఉండంగనే అక్కడ ఇల్లు కూలిందని కబురు. అంతకు ముందొచ్చినోళ్లకు గూడ గట్లనే. అందరూ మీ సేట్ కిరాయిదార్లే. మిమ్ముల దింపి పోయేటప్పుడు శివరాం నాతోని అన్నడు... శుక్రారం రాత్రి దాటే దాక వీళ్లను కదలనియ్యకు అని."

బుచ్చన్న దిగ్గున లేచిండు.

ఇయ్యాల శుక్రారం!

చివరి ఖోలీ కూలితే చాల్ అంతా పడిపోయేటట్టుందని సేట్ మనుషులు కాయిదం పుట్టిస్తరు. అందర్నీ వెళ్లగొడతరు. శివరాం కంటికి ఆ ఖోలీ ఖాళీ. తాళం ఉంది గదా!

ఫోన్ చేద్దామంటే చాల్‌ల ఎవరికుంది ఫోన్? అవ్వను, యాదమ్మను బంగళాలనే ఉంచి, దొరికిన లారీ ఎక్కిండు. కసారా ఘాట్ దిగంగనే పొద్దు గూకింది.

ఇప్పుడు గల్లీ మొగ కనబడుతుంది.

జనం! గల్లీ నిండా జనం!

టీవీ, వీసీఆర్ పెట్టిన్రు. వీడియో షో. ఢిషుం! ఢిషుం! సౌండు చెవులు పగలగొడుతుంది. చాల్ చాలంతా నేల మీద కూసోని ఉంది. ముందు వరసల లక్ష్మవ్వ నోట్లె పాన్ నములుకుంట చూస్తుంది.

"లక్ష్మవ్వా!"

వినబడలే.

భుజం మీద ఒక చెయ్యి పడ్డది. బరువుగ.

"అరె బుచ్చన్నా! ద్రాక్షతోట నచ్చలేదా?"

శివరాం. వెనక ఇద్దరు పహిల్వాన్లు.

"అవ్వ మందు మరిచిన. ఖోలీల ఉంది."

"మందుకోసం నాసిక్ నుంచి వచ్చినవా? దా, నేను కొనిస్త. ఉత్తగ షో పెట్టించిన. కూసో, చూడు."

ధన్...

బుచ్చన్న చెవులు నిక్కబొడుచుకున్నయ్. వీడియో సౌండు కింద ఇంకో సౌండు.

ధన్... ధన్...

గునపం! జిందగంతా మేస్త్రీ పనిల విన్న చప్పుడు. చాల్ వెనక నుంచి వస్తుంది!

చెప్పాలె. చెప్తే ఖోలీ పోతది. తాత గోడ పోతది. అవ్వ ఎక్కడ పండుతది?

ధన్!

"ఆపురా! లోపల ఆడమనిషి ఉంది! కడుపుతో ఉంది! ఆపమనురా!"

శివరాం పకపక నవ్విండు.

"బయట తాళమాయె, లోపల మనిషాయె! పొద్దుగాల నా కండ్లతోని చూసిన గదా. ఏం యాక్టింగ్ అన్నా! టీవీల నిన్నే పెట్టాలె."

నిజం చెప్పిండు. వాడు నమ్మలే. తన తాళమే తనను అబద్ధాలకోరును చేసింది!

బుచ్చన్న మెడ తిప్పిండు. భుజం మీది చేతిని పండ్లతోని పట్టి కొరికిండు.

"అమ్మా!"

ఉరికిండు. తోసుకుంట... తొక్కుకుంట... చివరి ఖోలీ. తాళంచెవి పెట్టిండు. తిరిగింది. తాళం ఊడింది. తలుపు తోసిండు.

కదలలే!

మళ్ల తోసిండు. భుజంతోని గుద్దిండు. లేదు! పై దూలం దిగి తలుపు మీద కూసున్నది.

"లచ్చమ్మా!"

"మామా... మట్టి రాలుతుంది మామా! నాకు ఊపిరాడుత లేదు!"

"తలుపు కాడికి రా బిడ్డా! తలుపుకు ఆనుకోని కూసో! కదలకు!"

ఇగ ఒక్కటే దారి. గునపం ఆగాలె.

ఖోలీ పక్కకెళ్లి మనిషి పట్టీపట్టని సందు. మోరీ. మోకాళ్ల లోతు బురద. అడ్డంబడి పోయిండు. చాల్ వెనక చీకటి. ఎవడో టార్చి పట్టుకున్నడు. ఇంకొకడు ముఖానికి తువ్వాల కట్టుకోని మూల కంబం మొదలు తవ్వుతున్నడు. కంబం సగం గాల్లె ఉంది!

బుచ్చన్న వాని వీపు మీద దూకిండు!

ఇద్దరు మోరీల పడ్డరు. టార్చివాడు టార్చి పడేసి ఉరికిండు. బుచ్చన్న పిడికిలి ఎత్తిండు. తువ్వాల జారింది. బురదల పడ్డ టార్చి వెలుగు ముఖం మీద పడ్డది.

"మామా?!"

నర్సింహులు!

ఎత్తిన పిడికిలి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నువ్వు... ద్రాక్షతోట పోలేదా మామా?"

"ఎవని గోడ రా ఇది? ఎవని గోడ తవ్వుతున్నవ్?"

"తెల్వది మామా! నాకా మీద పిలిచిన్రు. డబల్ కూలి ఇస్తమన్నరు. అటు పక్క గల్లీకెళ్లి తోల్కొచ్చిన్రు. పాత ఇల్లు, తాళం వేసి ఉంది, లోపల ఎవరు లేరన్నరు..."

ఆ ఖోలీని వాడు ముందటి దిక్కు నుంచే చూసిండు. వెనక దిక్కు ఎన్నడూ రాలే.

గోడ లోపల్నుంచి ఏడుపు వినబడ్డది.

"ఏమయ్యో! యాడున్నవయ్యో..."

నర్సింహులు గోడ దిక్కు చూసిండు. చేతుల దిక్కు చూసుకున్నడు.

ఢాం!

తుపాకి పేలినట్టు కంబం విరిగింది!

దూలం దిగుతుంది... ఇద్దరూ కిందికి దూరిన్రు. భుజాలు పెట్టిన్రు. పెంకులు నెత్తి మీద పడుతున్నయ్. నర్సింహులు ఏడుస్తున్నడు. ఏడ్చుకుంటనే మోస్తున్నడు.

"వదలకు రా!"

"వదల మామా! సచ్చినా వదల!"

ఆ చప్పుడుకు వీడియో ఆగింది. ముందట ఉరుకుళ్లు. లక్ష్మవ్వ గొంతు అందరికంటె మీద ఉంది.

"రోకలి తే! చూస్తరేందిరా మొగోళ్లు, తలుపు పలగ్గొట్టున్రి! లోపల పిల్ల ఉంది!"

చెక్క పగిలిన చప్పుడు. ఇంకోటి. ఇంకోటి.

"వచ్చింది! పిల్ల బయటికొచ్చింది!"

"వదులు!" బుచ్చన్న అరిచిండు.

ఇద్దరూ ఎనకకు దుంకిన్రు. దూలం, పెంకులు, తాత గోడ... అన్నీ ఒక్కసారి కూలినయ్.

దుమ్ము. చాలాసేపు దుమ్మే.

గల్లీల లచ్చమ్మ కడుపు పట్టుకోని కూసున్నది. నర్సింహులు ఆమె కాళ్ల కాడ కూలబడ్డడు. దగ్గరికి పోయే ధైర్యం చాలలే.

శివరాం పారిపోలే. కొరికిన చేతికి రుమాలు చుట్టుకుంటున్నడు. మెల్లగ అన్నడు.

"అందరు చూసిన్రు గదా? పాత ఇల్లు, వానకు నాని కూలింది. ఖోలీల బయటోళ్లను పెట్టిండు. తన నోటితోనే ఒప్పుకున్నడు. ఇగ పో బుచ్చన్నా. బంగళాలనే ఉండు. పొద్దున సేట్ వకీలును తోల్కొస్త."

ఎవరూ మాట్లాడలే. ప్రతి ఖోలీలో ఎవరో ఒకరు దాగి ఉన్నరు. నోరు తెరిస్తే తమ ఖోలీ గూడ పోతది.

బుచ్చన్న కూలిన గోడ దిక్కు పోయి, ఒక ఇటుక ఎత్తి దులిపిండు.

తెల్లారింది.

శివరాం వకీలును వెంటబెట్టుకోని వచ్చేసరికి బుచ్చన్న తాపీ పట్టుకోని కూసున్నడు. తాత ఇటుకలే. ఒక్కొక్కటి దులిపి, మట్టి పెట్టి, పేరుస్తున్నడు. నర్సింహులు కింద నుంచి అందిస్తున్నడు. గోడ మోకాలెత్తు లేచింది.

"ఏయ్! ఎవరుంటున్నరు ఇందుల?" వకీలు అరిచిండు.

బుచ్చన్న జేబుల నుంచి తాళం తీసిండు. చూసిండు. మోరీల పడేసిండు.

"నేను, మా అవ్వ, మా ఆమె. ఈ పిల్ల, దీని మొగుడు. రేపు ఇంకొకరు పుడతరు. రాస్కో."

పక్కన లక్ష్మవ్వ లేచింది. కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి, తన ఖోలీ తాళం తీసింది. లోపల్నుంచి కంబళి కప్పుకోని ఒక ముసలాయన బయటికొచ్చి ఎండకు కండ్లు మూసుకున్నడు. దాని అవుతల ఇంకో తాళం చప్పుడైంది. దాని అవుతల ఇంకోటి.

శివరాం వరస పొడుగునా చూసిండు. నవ్వు పోయింది.

"అందర్నీ వెళ్లగొడుత! తెలుసా?"

బుచ్చన్న తల ఎత్తలే.

"ఇటుక అందియ్యి రా," అన్నడు.