రుమాలు వేసిన సీట్లు

అన్నయ్యతో ఒకటే చిక్కు. నలభై ఏళ్లొచ్చినా "తప్పు నాది" అన్న రెండు ముక్కలు ఆయన నోట రాలేదు. గూఢచారి విభాగానికి చీఫ్ కాగానే ఆపరేషన్ ఆపే కోడ్‌వర్డ్‌గా ఆ ముక్కలే పెట్టాడు. "నా నోట పొరపాటున కూడా రాని మాట" అని గొప్పలు పోయాడు.

ఆయన చెల్లెలు, ఏజెంట్ సబ్బుబిళ్ళ, విభాగం ల్యాబ్‌లో నిఘా కోసం గాజుసామాను కడిగే మనిషి వేషంలో ఉంది. ఇక్కడ తయారయ్యే నానోక్రిస్టల్స్, అంటే కంటికి ఆనని స్ఫటికాలు, లైటు పడితే ఎర్రగా వెలుగుతాయి. విషవాయువు అణువులు అంటుకోగానే ఆరిపోతాయి. సైనికుల మాస్కుల్లో అదే హెచ్చరిక. నాలుగు వేల మాస్కులు. సాయంత్రం నాలుగింటికి లారీల్లో బయల్దేరాలి.

మూడింటికి సబ్బుబిళ్ళ కడుగుతున్న బీకరు కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. క్రిస్టల్స్‌ను పట్టుకుని వదలని గంధకపు రసాయనం కంపు అది, ఈ ల్యాబ్‌లో ఉండకూడనిది. వెంటనే మాస్కుల్లో నింపిన బ్యాచ్‌ను వేడి కొలిచే మిషన్‌లో పెట్టింది. అణువు క్రిస్టల్‌కు అంటుకున్న ప్రతిసారీ కాస్త వేడి పుట్టాలి, తెర మీద గీత ఎగరాలి. విషవాయువు కలిపిన నీళ్లు చుక్క మీద చుక్క పడ్డాయి. గీత కదల్లేదు.

ఆమె కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్లింది. అన్నయ్య పక్కన నెమలి. శత్రువుల ముఠా నుంచి మనవైపు తిరిగొచ్చిన డబుల్ ఏజెంట్. సిల్కు స్కార్ఫు, వరండా దాకా గుప్పుమనే సెంటు.

"లారీలు ఆపు! క్రిస్టల్స్ పనిచెయ్యవు."

"లైటు కింద ఎర్రగా వెలిగాయి. నేనే చూశాను."

"వెలుగుతాయి, ఎప్పటికీ ఆరవు! బస్సులో సీట్లన్నిటికీ ముందే రుమాళ్లేసినట్టు, క్రిస్టల్ నిండా ఏదో అంటించి పెట్టారు. విషవాయువు ఎక్కడ కూర్చుంటుంది?"

"మిషన్ పాడైందేమో, డియర్" అంది నెమలి.

"పాత మంచి శాంపిల్‌తో చూశా, గీత ఎగిరింది. మిషన్ భేషుగ్గా ఉంది."

అన్నయ్య విసుక్కున్నాడు. "బీకర్లు కడిగేదానివి, బీకర్లు కడుక్కో!"

సబ్బుబిళ్ళకు ఒళ్లు మండిపోయింది. నెమలి చెయ్యి లాగి ఆయన ముక్కుకు ఆనించింది. "పీల్చు! అంత సెంటు ఎందుకో తెలుస్తుంది."

పీల్చాడు. కుళ్లిన గుడ్డు.

నెమలి రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ అందుకునేలోపు సబ్బుబిళ్ళ సీసాలోని సబ్బునీళ్లు ఆమె కళ్లలోకి చిమ్మింది. గార్డులు పట్టేసుకున్నారు. మూడూ యాభైతొమ్మిది. లారీలు గేటు దాకా వచ్చేశాయి.

అన్నయ్య వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

"నాలుగు వేల ప్రాణాలు, అన్నయ్యా! నీ పరువు ఒక్కటి! చెప్పు!"

"త... తప్పు నాది."

బయట ఇంజిన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"సిగ్నల్ సరిగ్గా లేదు" అంది చెల్లెలు. "మళ్లీ చెప్పు."

ఆయన వైర్‌లెస్ ఆఫ్ చేసి బల్లమీద పెట్టాడు. చెల్లెలి తడి చేతులు చూశాడు.

"తప్పు నాది."

ఈసారి అది కోడ్ కాదు.