సొరుగులో మిగిలిన పాస్‌పోర్ట్

దొంగ వెండి కిరీటం జోలికి పోలేదు.

అదే చిత్రం. పవిత్రాత్మ పండుగ కిరీటం అది, ఊరందరి ఆస్తి. ఈ వారం చీటీలో గ్వాల్టర్ ఇంటికి వచ్చింది. ముందుగదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, పూల మధ్య, తాళం కూడా లేకుండా ఉంది. బల్లకు ఒక సొరుగు. అందులో గ్వాల్టర్ భార్య లియోనీల్డా బంగారు గొలుసు, ఆమె పాస్‌పోర్ట్, దాని కింద గ్వాల్టర్ పాస్‌పోర్ట్.

పోయింది గ్వాల్టర్ పాస్‌పోర్ట్ ఒక్కటే.

ఇన్‌స్పెక్టర్ హెర్మీనియా రపోజు సొరుగు లాగి చూసింది. మూసి, మళ్ళీ లాగింది. గురువారం ఉదయం పది గంటలు. ఒక పాస్‌పోర్ట్ కోసం పోలీసులు దీవిలోని పెద్ద పట్నం పోంత దెల్గాద నుంచి ఈ చేపల ఊరిదాకా రారు. నిన్న సాయంత్రం డేలియో అరూడా ఇంటి కిటికీలు ఎవరో రాళ్ళేసి పగలగొట్టారు. గ్వాల్టర్ ఇచ్చిన ఫిర్యాదులో అనుమానితుడిగా రాసిన పేరు డేలియోదే. అందుకే వచ్చింది.

లియోనీల్డా ఒక కుర్చీలో కూర్చుంది. కాళ్ళ దగ్గర సర్దిన సూట్‌కేసు. సోమవారం నుంచి అది అక్కడే ఉంది. హెర్మీనియాతో కలిసి చదువుకున్న మనిషి, ఇప్పుడు పదేళ్ళు పైబడినట్టు కనిపించింది.

సంగతి ఇది. లియోనీల్డాకు కవల చెల్లెలు డియోలిండా. పెళ్ళి చేసుకుని అమెరికాలోని ఫాల్ రివర్‌కు వెళ్ళిపోయింది. క్యాన్సర్. సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది, ఇక రోజుల్లో పడిందని. డియోలిండాయే మాట్లాడింది. నీ చెయ్యి పట్టుకుని పోతాను, తొందరగా రమ్మంది. గ్వాల్టర్ వెంటనే మంగళవారం బోస్టన్ విమానానికి రెండు టికెట్లు తీశాడు. పోర్చుగీసు పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు అమెరికా వీసా అక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఎస్టా అనే అనుమతి తీసుకుంటే చాలు. అదీ తనే తన ఫోన్‌లో పెట్టాడు, ఇద్దరికీ వచ్చిందన్నాడు. ఆ సాయంత్రం వీధంతా కిరీటం ముందు జపమాల ప్రార్థనకు వచ్చింది. మంగళవారం పొద్దున చూస్తే సొరుగులో ఒక్క పాస్‌పోర్టే మిగిలింది.

"మరి నువ్వు వెళ్ళాల్సింది కదే," అంది హెర్మీనియా.

"మా ఇద్దరికీ కలిపి ఒకటే అనుమతట. ఒకళ్ళు లేకపోతే రెండోవాళ్ళది చెల్లదట. బోస్టన్‌దాకా పోయాక వెనక్కి పంపేస్తారట."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, మా ఆయనే. కొత్త పాస్‌పోర్ట్‌కి పెట్టాడు, రేపొస్తుంది. రాగానే ఇద్దరం వెళ్తాం."

ఆ మాట హెర్మీనియాకు అతకలేదు. ఆమె కూడా బోస్టన్ వెళ్ళొచ్చిన మనిషే. ఈ దీవిలో అమెరికాలో చుట్టం లేనివాడు ఎవడు?

బయటికి వచ్చి పాస్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేసింది. జవాబు వినేసరికి ఆమె నుదురు ముడిపడింది. గ్వాల్టర్ అనే మనిషి ఈ వారంలో ఏ దరఖాస్తూ పెట్టలేదు.

డేలియో ఇల్లు రేవు పక్కన. నలభై ఏళ్ళ మనిషి, గాజుపెంకులు ఊడుస్తున్నాడు. నాలుగేళ్ళ పిల్లాడిగా ఫాల్ రివర్ వెళ్ళాడు. అక్కడే పెరిగాడు, అక్కడే కుర్రతనంలో వెధవపని చేసి జైలుకు పోయాడు. శిక్ష అయ్యాక అమెరికావాళ్ళు విమానమెక్కించి ఈ దీవిలో దింపేశారు. ఏదైనా పోతే ఊరంతా ముందు ఇతని ముఖమే చూస్తుంది.

"సోమవారం సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళావా?"

"వెళ్ళాను మేడమ్. జపమాలకు నేను రాకూడదా?"

"పాస్‌పోర్ట్ తీశావా?"

డేలియో చీపురు గోడకు ఆనించి, పది వేళ్ళూ చాచి చూపించాడు. "వీటి గుర్తులు అక్కడ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎవడి పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళినా బోస్టన్‌లో ఈ వేలు పెట్టగానే పట్టేసుకుంటారు. నాకు అక్కడో కూతురుంది మేడమ్. దొంగ పాస్‌పోర్ట్‌తో పోగలిగితే పన్నెండేళ్ళ కిందే పోయేవాణ్ణి."

ఇతను అబద్ధం చెప్పడం లేదు. హెర్మీనియాకు తెలిసిపోయింది.

తిరిగి వచ్చేసరికి గ్వాల్టర్ ఇంట్లో ఉన్నాడు. బాగా గెడ్డం పెరిగింది. మాట మెత్తన. పక్కింటి జుల్మీరా కూడా ఉంది. విధవరాలు, ఊరి జపమాలలన్నీ ముందుండి చెప్పించేది ఆమే. లియోనీల్డాకు సూప్ పట్టుకొచ్చింది. తాగక్కా, ఒంట్లో శక్తి ఉండొద్దూ అని బతిమాలుతోంది.

హెర్మీనియా ప్రశ్నలు మొదలెట్టింది.

"పాస్‌పోర్ట్ ఆఖరుసారి ఎప్పుడు చూశావు గ్వాల్టర్?"

"ఆదివారం. కిరీటం పెట్టినప్పుడు."

"దాన్ని ఆఖరుసారి వాడింది?"

"వాడడమేముంది ఇన్‌స్పెక్టర్ గారూ. ఏళ్ళయింది. చేపలు పట్టుకునేవాణ్ణి, నేనెక్కడికి పోతాను?"

"పోయినేడు ఫిబ్రవరిలో పోయావుగా," అంది లియోనీల్డా, పాపం సాయం చేస్తున్నాననుకుని. "లక్సెంబర్గ్‌లో మీ తమ్ముడి దగ్గరికి, కట్టడం పనికి. వచ్చాక కోటు ఉతకబోతే జేబులో పాస్‌పోర్ట్ దొరికింది. నేనేగా సొరుగులో పెట్టింది."

గ్వాల్టర్ కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. సూప్ గిన్నె మీద జుల్మీరా చెయ్యి ఆగింది.

హెర్మీనియా వాచీ చూసుకుంది. పన్నెండు. బోస్టన్ విమానం నాలుగింటికి. ఫోన్ చేసి డేలియోను కూడా రమ్మంది. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"లోపలికి రా," అంది. "నీ పేరు మీదే కథ నడిచింది, వినడానికి నీకు హక్కుంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగ నాలుగు రోజులుగా పవిత్రాత్మ ఎదుటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"దొంగ అనేవాడు వస్తే ఏం తీస్తాడు?" అంది హెర్మీనియా. "కిరీటం తీస్తాడు. గొలుసు తీస్తాడు. పాస్‌పోర్ట్‌లే కావాలంటే రెండూ తీస్తాడు. చీకట్లో చేతికందింది తీశాడనుకుందామంటే, పైనున్నది లియోనీల్డాది. దాన్ని పక్కకు జరిపి కిందిది తీశాడు. అంటే వాడికి కావలసింది గ్వాల్టర్ అమెరికా పోకుండా ఉండడం. అదెవరికి కావాలి గ్వాల్టర్?"

గ్వాల్టర్ కిరీటం ముందు పువ్వొకటి సర్దాడు.

"కొత్తదానికి పెట్టానన్నావు. పెట్టలేదు. ఆఫీసులో కనుక్కున్నాను."

లియోనీల్డా తలెత్తింది.

"ఇద్దరికీ ఒకటే అనుమతి అన్నావు. ఎవరి పాస్‌పోర్ట్‌కు వాళ్ళ అనుమతి. ఆమె సోమవారమే వెళ్ళడానికి అర్హురాలు. అయినా ఆపావు. ఎందుకంటే ఒక్కతే బయల్దేరేముందు తన అనుమతి చూపించమని నీ ఫోన్ అడుగుతుంది. ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో ఉంటాయి. ఆ పేజీ ఆమె చూడకూడదు."

"అది..." అన్నాడు గ్వాల్టర్.

"ఫోన్ ఇవ్వు," అంది లియోనీల్డా.

చాలా నెమ్మదిగా అంది. అతను ఇచ్చాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. డేలియో దగ్గరికి తీసుకెళ్ళి ముందు పెట్టింది. అతను చదివి, చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు.

"నీకు అనుమతి ఉందమ్మా. ఆయనకు లేదు."

గదిలో అందరూ హెర్మీనియా వైపు చూశారు. ఎందుకు లేదు? పోర్చుగీసు పాస్‌పోర్ట్ ఉంటే సగం ప్రపంచం వీసా అడగదు. ఏ నేరమూ చేయని ముసలి జాలరిని అమెరికా ఎందుకు వద్దంటుంది?

"ఇందాక ఈ గదిలోనే అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు," అంది హెర్మీనియా. "లక్సెంబర్గ్ నుంచి వచ్చినవాడి కోటు జేబులో పాస్‌పోర్ట్ దొరికింది. మనవాళ్ళు లక్సెంబర్గ్ పోయేది ఏం పట్టుకుని? గుర్తింపు కార్డు. పారిస్ పోయినా అదే, జెనీవా పోయినా అదే. ఆ దారిలో పాస్‌పోర్ట్ పెట్టుకునే పిచ్చివాడు ఈ దీవిలో లేడు. అది జేబులో ఉందంటే యూరప్ దాటాడు. ఎస్టాలో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ మధ్య సంవత్సరాల్లో క్యూబా వెళ్ళారా అని; చలికాలంలో మనవాళ్ళు ఎండ కోసం పోయేదీ అక్కడికే. వెళ్ళానంటే వీసా లేకుండా రానివ్వరు. కాన్సులేటుకు పోవాలి, వీసా అడగాలి. ఎందుకు అడగాల్సి వచ్చిందో ఇంట్లో చెప్పుకోవాలి. హవానా బాగుందా గ్వాల్టర్?"

గ్వాల్టర్ కుర్చీలో కూలబడ్డాడు. పాస్‌పోర్ట్ పడవలో ఇంజిన్ కింద ఉందని చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు.

"ఆ ప్రశ్నకు లేదని నొక్కితే సరిపోయేదిగా," అంది లియోనీల్డా. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"భయమేసింది. వాళ్ళకు అన్నీ తెలుస్తాయంటారు కదా."

లియోనీల్డా ఫోన్ అతని ఒళ్ళో పడేసింది.

"అమెరికావాళ్ళకు నిజం చెప్పావు," అంది. "ముప్పై ఏళ్ళుగా నీ చేపల కంపు ఉతికినదానికి అబద్ధం చెప్పావు."

జుల్మీరా మెల్లగా లేచింది. ఇంటి దగ్గర పొయ్యి మీద ఏదో ఉందంది.

"కూర్చో జుల్మీరా," అంది హెర్మీనియా. "పోయిన వేసవిలో అమెరికాలో, న్యూ బెడ్‌ఫర్డ్‌లో నీ కూతురి పెళ్ళికి ఎందుకు వెళ్ళలేదు?"

"మోకాళ్ళు. అందరికీ తెలుసు."

"రోజూ సాయంత్రం ఈ రాతినేల మీద గంటసేపు మోకరిల్లే మోకాళ్ళేనా? హవానా పోయినవాళ్ళకు అమెరికా తలుపు మూసుకుంటుంది, నేను ఊరికే అడగడం లేదు. ఆ ఫిబ్రవరిలో నువ్వు ఎక్కడున్నావో కనుక్కోవడానికి నాకు ఒక్క ఫోన్ చాలు. నువ్వే చెబితే మర్యాదగా ఉంటుంది."

జుల్మీరా ఏడుపు మొదలెట్టింది, గ్వాల్టర్ ఆమె వైపు చూడకుండా గోడ వైపు తిరిగాడు. అంతకంటే వాంగ్మూలం ఏం కావాలి?

లియోనీల్డా సూప్ గిన్నె తీసి జుల్మీరా చేతికిచ్చింది.

"నా చెల్లెలి కోసం మూడు రోజులు నా ఇంట్లో ప్రార్థన చెప్పించావు," అంది. "నేను వెనకాల నీ మాటలే పలికాను. ఇది పట్టుకుని పో."

జుల్మీరా వెళ్ళిపోయింది.

సొంత పాస్‌పోర్ట్ దాచుకోవడం పెద్ద నేరం కాదని, నిరపరాధి పేరు రాసి సంతకం పెట్టడం మాత్రం నేరమేనని హెర్మీనియా గ్వాల్టర్‌కు చెప్పింది. రేపు పొద్దున స్టేషన్‌కు రావాలి. వచ్చేముందు డేలియో ఇంటికి కిటికీ అద్దాలు తన చేత్తోనే బిగించాలి. అతను అన్నిటికీ తలూపాడు. తర్వాత లేచి సూట్‌కేసు అందుకోబోయాడు, విమానాశ్రయం దాకా నేను దింపుతానంటూ.

"ముట్టుకోకు," అంది లియోనీల్డా.

సూట్‌కేసు డేలియో మోశాడు. హెర్మీనియా ఫోన్‌లో టికెట్ తేదీ మార్పించి, కారు నడిపింది. దారిలో లియోనీల్డా ఫాల్ రివర్‌కు ఫోన్ చేసింది. చెల్లెలి కొడుకు ఎత్తాడు. అమ్మ ఊపిరి ఉంది పెద్దమ్మా, కానీ నిన్న పొద్దున నుంచి కళ్ళు తెరవలేదన్నాడు. మంగళవారం రాత్రంతా గుమ్మం వైపే చూసిందట, ఎవరు అడుగుపెట్టినా నువ్వేనా అని అడిగిందట. లియోనీల్డా వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

కౌంటర్‌లో అమ్మాయి చిన్నది, నవ్వుముఖం. పాస్‌పోర్ట్ యంత్రంలో పెట్టి చూసి, అంతా బాగుందమ్మా అంటూ బోర్డింగ్ పాస్ ఇచ్చింది.

లియోనీల్డా కదల్లేదు.

"మంగళవారం వచ్చి ఉంటే, ఇదే పాస్‌పోర్ట్‌తో, నన్నొక్కదాన్నీ ఎక్కనిచ్చేవాళ్ళా?"

"ఎందుకు ఎక్కనివ్వమమ్మా?" అంది ఆ అమ్మాయి. "మంగళవారం విమానంలో సీట్లు ఖాళీగానే వెళ్ళాయి."

హెర్మీనియా ఉద్యోగంలో చాలామంది దొంగల్ని పట్టుకుంది. పోయినదాన్ని చాలామందికి తిరిగి ఇప్పించింది. ఇప్పుడు స్నేహితురాలి ముఖంలోకి చూడలేక గడియారం వైపు చూసింది. లియోనీల్డా థాంక్స్ చెప్పి, పాస్‌పోర్ట్ తీసుకుని, ఒక్కతే గేటు వైపు నడిచింది.