తెల్లపూసల ఆదివారం

ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యాల సమయం నలభై సెకన్లలో ముగిసింది. ముగ్గురు లేచి దేవుడు మంచివాడన్నారు, కూర్చున్నారు. దేవుణ్ణి గురించి చెబితే ఎవరి పూసా ఎర్రబడదు.

పక్కనున్న సామాన్ల గదిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, గిన్నెలు కడుగుతూ పాస్టరుగారి భార్య కెజియా ఇదంతా వింటోంది. బేతనియపేట మందిరంలో ప్రతినెలా మొదటి ఆదివారం ఈ పని ఆమెదే. వినయం అనుకున్నారు అందరూ. గిన్నెలు కడిగే మనిషి రొట్టె తీసుకుందో లేదో ఎవరూ చూడరు. తొమ్మిదేళ్లుగా ఆమె తీసుకోలేదు.

సత్యపూసలు వచ్చీ తొమ్మిదేళ్లే. గొంతు గుంటలో అతికించే బఠాణీ గింజంత పూస. మనిషి అబద్ధమాడినా, చేసిన తప్పు నోటితో ఒప్పుకున్నా అది ఎర్రబడి ప్రభుత్వ నైతికశాఖకు కబురు పంపుతుంది. ఎర్రబడినవారు పాఠం చెప్పకూడదు, పాట పాడించకూడదు. వారి ఇంట్లోవారు వేదిక ఎక్కకూడదు. ఎర్రబడిన పూసను మళ్లీ తెల్లబరిచే పని మాత్రం చట్టంలో ఎవరికీ అప్పగించలేదు. ఆ సంగతి అడగాలని మందిరం స్త్రీల సమాజానికి తట్టలేదు.

అవును, ఆ చట్టం కావాలన్నది వాళ్లే. వీధికో సారా కొట్టు, ఓటుకో చీర, ప్రమాణం చేసిన నోటితోనే అబద్ధం. ఈ దేశానికి కాస్త సిగ్గు నేర్పాలని కెజియా ఎండలో ఇల్లిల్లూ తిరిగి వెయ్యి సంతకాలు పోగుచేసింది. ఆ కోరిక తప్పని ఆమె ఇప్పటికీ అనుకోదు. నాయకులు మాత్రం నెల తిరక్కుండా ప్రశ్నల్లో మాట్లాడటం నేర్చారు. "మీ ఊరికి వంతెన వద్దా? నేను కట్టించనా?" ప్రశ్నలో అబద్ధం ఉండదు. వంతెన కూడా ఉండదు.

దొరికింది హన్నమ్మ. "రక్షణ పొందకముందు నేను సారా కాచేదాన్ని" అని ఏటా చెప్పే సాక్ష్యాన్నే, పూసలు పెట్టిన మొదటి ఆదివారమూ అలవాటుగా లేచి చెప్పింది. జనం "స్తోత్రం" అనేలోగా పూస ఎర్రబడింది. ఆమె పిల్లలకు నేర్పే పాటలు ఆ రోజుతో సరి. ఆ తర్వాత మందిరంలో ఎవరూ ఏదీ ఒప్పుకోలేదు. ఇంత పరిశుద్ధమైన సంఘం జిల్లాలోనే లేదని నైతికశాఖ ప్రశంసాపత్రం పంపింది. అద్దం కట్టించి గోడకు తగిలించారు.

ఇప్పుడు హన్నమ్మ ఎదురుగా కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. రేపటినుంచి అదీ లేదు. ఎర్రపూసలు మందిరం ఆవరణలోకే రాకూడదని కొత్త ఉత్తర్వు.

"రేపట్నుంచి ఇయ్యెవరు తుడుత్తారమ్మగారూ? మరకలుంచేత్తారు, కాస్త చూసుకోండి."

కెజియా కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. మైకులో భర్త జయశీలరావుగారి మాట వినిపిస్తోంది: "ఎవరిపట్లనైనా తప్పు చేసి ఉంటే ముందు వెళ్లి సమాధానపడండి. ఆ తర్వాతే బల్ల దగ్గరికి రండి." ప్రతినెలా చెప్పేదే.

"హన్నమ్మా, వెయ్యికి ఒక్కటి తక్కువైందని, వద్దన్న మనిషి పేరు పక్కన ఇంకో మనిషి తన వేలిముద్ర అద్దితే... అది పెద్ద తప్పే అంటావా?"

పూస తెల్లగానే ఉంది.

హన్నమ్మ తువ్వాలు ఆపింది. "ఏంటమ్మగారూ, మీరూ ఎలచ్చన్లలో నిలబడతన్నారా?"

కెజియాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. లేచి పారిపోదామంటే ఆ గదికి ఒకటే తలుపు, అదీ మందిరంలోకే. చెబితే భర్త ముప్ఫయ్యేళ్ల సేవ ఈ పూటతో పోతుంది. చెప్పకపోతే రేపటినుంచి చెప్పుకోవడానికి మనిషే ఉండదు.

"నేనే," అంది. "నా పాపం నేను ఒప్పుకుంటానుగా, యంత్రమెందుకని నువ్వు వద్దన్నావు. నీ పేరు పక్కన నా వేలు అద్దాను. నిన్ను ఎర్రజేసిన చట్టం నువ్వే కోరినట్టు రాసింది నేనే. నన్ను క్షమించు."

గొంతు దగ్గర వెచ్చగా తగిలింది. చేతిలోని గిన్నె మీద ఎర్రని చుక్క మెరిసింది.

"తెలుసమ్మా," అంది హన్నమ్మ. "ఆ పేర్లు మందిరంలో చదివినప్పుడే విన్నాను. అప్పుడే బయటపెడితే మీకు సిగ్గు. పూసలొచ్చాక అడిగితే అయ్యగారికి వేదిక పోద్ది. క్షమించి ఎన్నేళ్లయ్యిందో. మీరు అడక్కుండా ఎట్టా ఇచ్చేది?"

అవతల రొట్టె విరుస్తూ జయశీలరావుగారు అంటున్న మాట సగంలో ఆగింది. మైకు మూగబోయింది. ఎర్రబడిన ఇంటివారి గొంతును అది మోయదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. రొట్టె పళ్లెంతో ఆయన గుమ్మంలో నిలబడి భార్య గొంతువైపు చూశారు, హన్నమ్మ గొంతువైపు చూశారు.

"తొమ్మిదేళ్లపాటు చాలా గిన్నెలు కడిగావు కెజియా," అన్నారు. "చెయ్యి చాపు."

తడిచేతులు కొంగులకు తుడుచుకుని ఇద్దరూ చేతులు చాపారు.

బయట నూట పద్దెనిమిది తెల్లపూసలు, వడ్డించేవారు లేని బల్లవైపు చూస్తూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు.